చిట్టెం కుప్పలు, కరెంటు కొలుములు, మనమూ

"చిట్టెం" అన్న మాట పట్నంలో పుట్టి పెరిగిన మిత్రులకు తెలియకపోవచ్చును. ముడిరాయి నుండి ఇనుము తీసేటప్పుడు కరిగి, బయటకు కారి, గడ్డకట్టిన మడ్డిని చిట్టెం అంటారు. సంస్కృతంలో కిట్టం. ఇంగ్లీషు పుస్తకాల్లో స్లాగ్. మా నిజామాబాదు వైపు, నిర్మల్, జగిత్యాల వైపు చాలా ఊళ్లలో నాగలి సాలులో ఇది తగులుతుంది. నల్లగా, అక్కడక్కడ గాజులా మెరుస్తూ, చేతిలోకి తీసుకుంటే మామూలు రాయికంటే బరువుగా ఉంటుంది. రైతుకు అది అడ్డం. ఏరి గట్టుమీద పారేస్తాడు.

ఆ బరువు ఎందుకు? అందులో ఇంకా ఇనుము ఉంది గనుక! ఇది తెలిసిన తర్వాతనే నాకు ఈ విషయం మీద ఆసక్తి కలిగింది.

మన పూర్వీకుల కొలిమిలో వేడి సుమారు 1,200 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఆగేది. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. అనగా ఇనుము కరగకుండానే మెత్తటి ముద్దగా అడుగున చేరేది; కరిగి కారేది చిట్టెం మాత్రమే. ఆ చిట్టెం పలచగా కారాలంటే దానిలో ఇనుప ఆక్సైడు దండిగా ఉండాలి. కాబట్టి రాయిలోని ఇనుములో పెద్ద వాటా చిట్టెంలోనే కొట్టుకుపోయేది. ఇది మన కమ్మరుల చేతగానితనం కాదు సుమా! సున్నపురాయి కలపని పాత కొలుములన్నిటా, యూరపులోనైనా ఆఫ్రికాలోనైనా, ఇదే జరిగింది. నిజానికి మా జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారు. సర్వేలో డాక్టరుగా, భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వోయ్‌సీ ఆ పని కళ్లారా చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇంగ్లండులో ఫారెస్ట్ ఆఫ్ డీన్ అనేచోట రోమనుల నాటి చిట్టెం కుప్పలను 17వ శతాబ్దంలో తవ్వి, బ్లాస్టు ఫర్నేసుల్లో మళ్లీ పోసి ఇనుము తీసుకున్నారు. మనవద్ద వైద్యులు మాత్రం దానితో మండూర భస్మం చేసుకున్నారు. నూరేళ్లు పాతబడిన చిట్టెమైతే శ్రేష్ఠమన్నారు.

మా ఊళ్ల కుప్పలను కూడా అట్లా కరిగించాలని నేను చెప్పబోవడం లేదు. అవి చరిత్ర. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు, బెంగుళూరు నియాస్ సంస్థ వారు 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి ఈ ఆనవాళ్లను నమోదు చేశారు. వాటిని అట్లాగే ఉంచాలి. నేను మాట్లాడదలచుకున్నది ఈనాటి చిట్టెం గురించి: ఫ్యాక్టరీల వెనుక గుట్టలుగా పడివున్న మడ్డి, పొగగొట్టాల దుమ్ము, పాత ఫోన్లు, పాత బ్యాటరీల గురించి. వాటిలో లోహం ఉన్నది. దానిని తిరిగి రాబట్టడానికి మనకున్న గట్టి పనిముట్లలో ఒకటి విద్యుత్ కొలిమి. ఈ పని చేయవలసిందే అని నా అభిప్రాయం. అయితే ఎట్లాబడితే అట్లా కాదు.

కరెంటే ఎందుకు అని అడగవచ్చు. బొగ్గు కొలిమిలో బొగ్గు రెండు పనులు చేస్తుంది: వేడినిస్తుంది, ఆక్సైడు నుండి ఆక్సిజనును లాక్కుంటుంది. వేడికోసం మండించే బొగ్గే ఎక్కువ. దానికి గాలి ఊదాలి, ఆ గాలి పొగై పోతూ సన్నని దుమ్మునూ, ఆవిరయ్యే లోహాలనూ వెంట తీసుకుపోతుంది. కరెంటు కొలిమిలో ఈ రెండు పనులూ విడిపోతాయి. కర్బన ఎలక్ట్రోడుల నుండి కరెంటు మడ్డిగుండా పారుతుంది, మడ్డి తన నిరోధంతో తానే వేడెక్కుతుంది. బొగ్గు వేసేది ఆక్సిజను లాగడానికి మాత్రమే. పొగ తక్కువ, వేడి మన చేతిలో ఉంటుంది, పొడిపొడిగా ఉన్న సరుకునూ వాడుకోవచ్చు. 1878లోనే విలియం సీమెన్స్ విద్యుత్ చాపంతో లోహం కరిగించి చూపాడు. 1900 ప్రాంతంలో ఫ్రాన్సులో పాల్ ఎరూ దానిని ఉక్కు పరిశ్రమలోకి తెచ్చాడు.

ఇంటర్మీడియట్‌లో మనమంతా ఎల్లింగ్‌హామ్ పటం చదువుకున్నాం. పరీక్షలో గీతలు గీసి మార్కులు తెచ్చుకుని మరచిపోయాం. ఒకసారి దాన్ని మళ్లీ తీసి చూడండి. రాగి, సీసం, నికెల్, ఇనుము ఆక్సైడులు కర్బనానికి సులువుగా లొంగుతాయి. క్రోమియం లొంగాలంటే సుమారు 1,250 డిగ్రీలు, మాంగనీసుకు 1,400, సిలికానుకు 1,650, అల్యూమినియానికి 2,000 దాటాలి. వేడిని ఎక్కడ ఆపితే ఏ లోహం దిగుతుందో, ఏది మడ్డిలోనే ఉండిపోతుందో ఆ పటమే చెబుతుంది. పరీక్ష కోసం కంఠస్థం చేసిన ఆ బొమ్మ నిజానికి ఒక వంటకం రాసిన కాగితం అని మనకెవరూ చెప్పలేదు! మెటలర్జీ పాఠం విన్న మనలో ఎంతమంది ఒక్క కొలిమినైనా చూశాము? ఇది శోచనీయం.

తెలుగునేలకు ఈ కొలుములు కొత్తవి కావు. విజయనగరం జిల్లా గరివిడి దగ్గర ఫేకర్ వారు 1950లలోనే ఫెర్రో మాంగనీసు కర్మాగారం పెట్టారు, పక్కనే మాంగనీసు గనులు ఉన్నాయి గనుక. 1970లలో ఖమ్మం జిల్లా పాల్వంచలో (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) నవభారత్ ఫెర్రో అల్లాయ్స్ వచ్చింది. ఫెర్రో మాంగనీసు చేసే పరిశ్రమలో ఒక చక్కని పద్ధతి ఉంది. మొదటి కొలిమి నుండి వచ్చే మడ్డిలో మాంగనీసు ఆక్సైడు 30 శాతం పైగానే ఉండేటట్లు కావాలనే వదులుతారు. ఆ మడ్డిని పారేయరు. క్వార్ట్జు, బొగ్గు కలిపి రెండో కొలిమిలో పోసి సిలికో మాంగనీసు తీస్తారు. అంటే మొదటివాడి చిట్టెం రెండోవాడి ముడిఖనిజం. పాలు తోడుపెట్టి వెన్న తీశాక మజ్జిగను పారబోస్తామా? ఇది కూడా అంతే.

అయితే ఇక్కడ ఒక లెక్క ఉంది. ఒక టన్ను సిలికో మాంగనీసుకు సుమారు 4,000 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. మా బాయికాడ ఉన్నది 5 హార్స్‌పవరు మోటరు. రోజుకు 8 గంటలు నడిస్తే 30 యూనిట్లు. 4,000ను 30తో భాగించండి: 133 రోజులు. అనగా ఒక టన్ను లోహం తాగే కరెంటుతో మా మోటరు ఒక వరిపంట కాలమంతా నడుస్తుంది. ఈ సంగతి ఫోనులో మా బాపుకు చెప్పిన.

"గా కరెంటుతోని ఒక పంట పారుతది గద బిడ్డా!" అన్నాడు బాపు.

"పారుతది బాపూ. కానీ మాంగనీసు లేకుంటే ఉక్కు లేదు. ఉక్కు లేకుంటే నీ కల్టివేటరు యాడికెల్లి వస్తది?"

కొంచెంసేపు మాట్లాడలేదు. "గది గూడ నిజమే. మరి గా పొగ యాడికి పోతదో గది గూడ సూడు" అన్నాడు.

మా బాపు ఏడో తరగతి. కానీ ఈ విషయంలో అడగవలసిన రెండు ప్రశ్నలూ ఆయనే అడిగాడు. కరెంటు ఎవరిది? పొగ ఎవరికి?

మొదట కరెంటు సంగతి. మన కరెంటులో పెద్ద భాగం ఇంకా బొగ్గుదే. ఒక యూనిట్‌కు ముప్పావు కిలోకు కొంచెం తక్కువగా బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో మూడోవంతు పైగా బూడిదే. 4,000 యూనిట్లకు లెక్కవేస్తే దగ్గరదగ్గర ఒక టన్ను బూడిద మిగులుతుంది. ఒకచోట చిట్టెం గుట్ట తగ్గించి మరోచోట బూడిద చెరువు నింపితే, ఆ చెరువు పక్క రైతుకు ఏం ఒరిగింది? కాబట్టి ఏ మడ్డిని కరిగించాలి, దేనిని కరిగించకూడదు అన్న విచక్షణ ముందు కావాలి. విశాఖ ఉక్కు కర్మాగారం బ్లాస్టు ఫర్నేసు మడ్డిలో ఇనుము దాదాపు మిగలదు. దానిని నీటితో చల్లార్చి ఇసుకలా చేసి సిమెంటులో కలుపుతారు. అదే దాని సద్వినియోగం. దానిని మళ్లీ కరిగించాలనడం నీళ్లు చిలకడమే. అట్లాకాక పాత ఇనుము కరిగించడానికి టన్నుకు 500 నుండి 600 యూనిట్లు చాలు, మా మోటరు లెక్కలో ఇరవై రోజులు. అల్యూమినియంలో ఈ తేడా ఇంకా ఎక్కువ: పాత గిన్నెలు, డబ్బాలు కరిగిస్తే, కొత్త లోహానికి అయ్యే శక్తిలో 5 శాతమే. అందుకే నా మాట: చెత్త మడ్డిగా మారకముందే, అంటే పాత సామానుగా ఉన్నప్పుడే పట్టుకోవాలి.

ఈ పని చేస్తున్నవాళ్లు మన కళ్లముందే ఉన్నారు. నేను అద్దెకుండేది మెట్టుగూడలో. పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. నిజాము రైల్వే కాలంలో 1893లో పెట్టినది. పొద్దున ఆరింటికల్లా ఆలుగడ్డబావి వైపు నుండి "పాత ఇనుప సామాన్ కొంటాం, పేపర్లు కొంటాం" అంటూ తోపుడుబండి వస్తుంది. పైన మెట్రో రైలు పోతుంటుంది, కింద ఈ బండి. అందరూ ముక్కు చిట్లించే ఆ బండి మీదనే ఈ దేశపు లోహ పరిశ్రమకు కావలసిన మొదటి పని, అనగా వేరుచేయడం, జరుగుతున్నది. బండి అన్నను అడిగితే ఇనుము వేరు, బీడు వేరు, ఇత్తడి వేరు, రాగి వేరు అని అయస్కాంతం, సుత్తి, చెవి, ఈ మూడింటితో చెప్పేస్తాడు. తట్టి మోగించి "గిది బీడు, పలుగుతది" అన్నాడొకరోజు. మన ప్రాక్టికల్సులో సాల్టు గుర్తుపట్టడానికి మూడు గంటలు పడుతుంది!

కాని ఇదే గొలుసు చివర ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. శివార్లలో ఒక ఖాళీ జాగాలో కేబుల్ వైర్లు కాల్చడం నేను చూశాను. పదమూడు, పధ్నాలుగేళ్ల పిల్లలు. రాగికోసం పైనున్న ప్లాస్టిక్ తగలబెడుతున్నారు. ఆ ప్లాస్టిక్‌లో క్లోరిన్ ఉంటుంది. రాగి సమక్షంలో, తక్కువ వేడిలో అట్లా కాల్చితే డయాక్సిన్లు తయారవుతాయి. సర్క్యూటు బోర్డులను ఆమ్లంలో వేసి బంగారం తీసేవారి కథ కూడా ఇంతే. ఒక టన్ను పాత మొబైల్ ఫోన్లలో సుమారు 300 గ్రాముల బంగారం ఉంటుందంటారు. టన్ను రాతిలో నాలుగైదు గ్రాములుంటేనే గని తవ్వుతారు మరి! ఆశ పుట్టడంలో ఆశ్చర్యమేముంది?

బోర్డులను సరైన కొలిమిలో కరిగిస్తే జరిగేది చూడండి. అందులోని రాగి కరిగి అడుగున చేరుతుంది. బంగారం, వెండి, పల్లాడియం ఆ రాగిలో కరిగిపోతాయి. గాజుపీచు, అల్యూమినియం ఆక్సైడులై మడ్డిలోకి పోతాయి. ఆ రాగిని యానోడుగా పెట్టి కాపర్ సల్ఫేటు ద్రావణంలో విద్యుద్విశ్లేషణ చేస్తే, శుద్ధమైన రాగి క్యాథోడు మీద చేరుతుంది, బంగారం వెండి యానోడు కింద బురదగా రాలుతాయి. ఈ చివరి మెట్టు మనం పరీక్షలో రాసే పాఠమే. పొగను 1,100 డిగ్రీలకు పైన మళ్లీ కాల్చి, వెంటనే చల్లార్చితే డయాక్సిన్ మిగలదు. ఇదంతా స్వీడనులోనో బెల్జియంలోనో మాత్రమే కాదు, మన చర్లపల్లిలో కూడా పరిశోధన జరిగిన విషయం. అక్కడి సి-మెట్ ప్రయోగశాల రోజుకు ఒక టన్ను బోర్డుల నుండి లోహాలు తీసే పద్ధతిని అభివృద్ధి చేసింది. మెట్టుగూడ నుండి చర్లపల్లికి ఎంత దూరం? ఒక గంట ప్రయాణం. మన కాలేజీ నుండి ప్రతి ఏటా ఊటీకి టూరు పోతుంది!

2022లో ప్రపంచమంతటా పుట్టిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క. పద్ధతిగా సేకరించి శుద్ధిచేసింది అందులో 22.3 శాతమే. మనదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన నిబంధనలు తయారీదారుపై బాధ్యత పెట్టాయి. 2025 సెప్టెంబరులో కీలక ఖనిజాల రీసైక్లింగుకు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకానికి కేంద్రం ఆమోదం తెలిపింది. బాగానే ఉంది. కాని ఆ డబ్బులో తోపుడుబండి అన్నకు, వైర్లు కాల్చే పిల్లవానికి దారి ఏమైనా ఉన్నదా? వారిని తోసివేసి పెద్ద కొలిమి పెడితే సరుకు మళ్లీ దొంగచాటుగా శివారుకే పోతుంది. వారిని సంఘాలుగా కూర్చి, తూకానికి సరైన ధర ఇచ్చి, వేరుచేసే పనిని వారి చేతిలోనే ఉంచి, కరిగించే పనిని మాత్రమే కొలిమికి అప్పగించాలి. ఇది దయాధర్మం కాదు, సరుకు రావాలంటే ఇదొక్కటే మార్గం.

ఇక బాపు రెండో ప్రశ్న. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో కొన్నేళ్లపాటు పాత బ్యాటరీలు కరిగించే ఒక షెడ్డు నడిచింది. రాత్రిపూటే నడిచేది. తెల్లారేసరికి మక్కచేను ఆకుల మీద బూడిదరంగు పొడి. ఆ గడ్డి మేసిన బర్రెలు రెండు పళ్లు కొరుకుతూ, గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోయినయి. అవి సీసం విషానికి లక్షణాలని పశువుల డాక్టరు తర్వాత చెప్పాడు. షెడ్డు ఎత్తివేశారు, మడ్డి మాత్రం కుంట కట్టకింద ఇప్పటికీ ఉంది. దాని మీద తుమ్మ కూడా సరిగా మొలవలేదు.

కనుక విద్యుత్ కొలిమి పేరు చెప్పి పొగ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. పొగ తక్కువ, అంతే. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ కూడా ఆవిరై లేస్తాయి. తక్కువ పొగ అంటే చిన్న సంచి ఫిల్టరుతో పట్టుకోగలం. అది గొప్ప సౌకర్యమే. తమాషా ఏమంటే, ఉక్కు ఆర్కు ఫర్నేసు దుమ్ములో జింకు 15 నుండి 25 శాతం దాకా ఉంటుంది. అది కూడా ఖనిజమే! పట్టుకున్నవాడికి డబ్బు, వదిలినవాడి పక్క పొలానికి విషం. ఏదైనా ఫ్యాక్టరీ పొగను పట్టడం లేదంటే అది తెలియక కాదు, ఫిల్టరు నడపడానికి అయ్యే కరెంటు మిగుల్చుకోవడానికి. పటాన్‌చెరు, బొల్లారం వ్యర్థజలాల మీద 1990లో సుప్రీంకోర్టుకు కేసు వెళ్లింది. అది కొలుముల కేసు కాదు, రసాయన, మందుల ఫ్యాక్టరీల కేసు. కాని నక్కవాగు పక్క రైతులకు ఆ భేదంతో పనేముంది?

బాక్సైటు ఎర్రబురద సంగతి కూడా ఒక మాట. మన పొరుగున ఒడిశాలోని దామన్‌జోడిలో అల్యూమినా తీయగా మిగిలేది ఇదే. ప్రపంచంలో ఏటా 18 కోట్ల టన్నులు పుడుతున్నది. గుట్టలు పడినది 400 కోట్ల టన్నులు. జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ వారు 2024లో ఈ బురదను ఆర్కు ఫర్నేసులో హైడ్రోజను ప్లాస్మాతో పదినిమిషాల్లో ఇనుముగా మార్చి చూపించారు. బొగ్గు లేదు, మిగిలిన మడ్డిలో క్షారం తగ్గింది. ప్రయోగశాలలో జరిగింది కొద్ది గ్రాముల మీద. గుట్ట మీద జరిగేదాకా ఎంత కాలమో! అయినా అరకు, కోరాపుట్ కొండలవాళ్లకు ఇది మనకంటే ముందు తెలియవలసిన వార్త.

కరెంటు విషయంలో నాదొక సూచన. పెద్ద ఫెర్రో కొలుములను ఆపకూడదు, ఆపితే లోపల గడ్డకడుతుంది. కాని పాత సామాను కరిగించే చిన్న ఇండక్షన్ కొలుములు గంటా రెండు గంటల ఘానాలుగా నడుస్తాయి. ఎండకాలం మధ్యాహ్నం సోలారు కరెంటు దండిగా ఉన్నప్పుడు వాటిని నడిపి, సాయంత్రం ఆపవచ్చు. ఇందుకు పగటి రేటు తక్కువ పెట్టాలి. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యేదాకా రైతు రాత్రిపూట బ్యాటరీ లైటు పట్టుకుని పాములమధ్య మోటరు వేసినవాడే. కరెంటు ఉన్న వేళకు పని సర్దుకోవడం రైతుకు వచ్చినప్పుడు పరిశ్రమకు రాదా?

చివరగా మన కాలేజీ సంగతి. స్టోరురూములో చచ్చిపోయిన కంప్యూటర్లు కప్పుదాకా ఉన్నాయి. స్టాకు రిజిస్టరులో ఉన్నందున తీయరాదంటారు. అది యూనియన్ వారు, ప్రిన్సిపాల్ గారు కూర్చుని తేల్చవలసిన విషయం. కాని కెమిస్ట్రీ లాబులో మనమే చేయగలిగినదొకటి ఉంది. సిల్వర్ నైట్రేటు టైట్రేషను నాడు ఒక్కొక్కరం 0.05 నార్మల్ ద్రావణం 20 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు వాడతాం. లెక్కకు మనిషికి 0.32 గ్రాముల వెండి. నలభైమంది బ్యాచికి 13 గ్రాములు. అంతా తెల్లటి అవక్షేపంగా సింకులో పోతుంది, అక్కడి నుండి మూసీకి.

దానిని ఒక రంగు జాడీలో పోస్తే చాలు. క్రోమేటు ఉన్నది వేరే జాడీలో. టాలెన్స్ పరీక్ష ద్రావణం మాత్రం ఎంతమాత్రం దాచకూడదు, నిలవుంటే పేలుతుంది. దానిని అప్పటికప్పుడు ఆమ్లంతో పాడుచేయాలి. ఏడాది చివర సిల్వర్ క్లోరైడును ఆరబెట్టి, సోడియం కార్బొనేటు కలిపి మూసలో పెట్టి, లాబులోని మఫుల్ ఫర్నేసులో 1,000 డిగ్రీల దాకా వేడిచేస్తే వెండి గుండుగా అడుగున చేరుతుంది, పైన ఉప్పుమడ్డి. అదీ విద్యుత్ కొలిమే, అరచేయంతది. మా లెక్చరర్ గారిని అడిగితే మూస, ఫర్నేసు తన బాధ్యత అన్నారు, జాడీ తెచ్చేది, రోజూ మూత పెట్టేది మా బాధ్యత అన్నారు. జాడీ కొన్నాం. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతున్నారు గనుక సెకండియర్ నుండి ఇద్దరి పేర్లు కావాలి.